బడి గోడ మీద ఆమె అనని మాట

ముందుగా, జరిగినవి జరిగిన వరుసలో రాస్తున్నాను.

2000 జూన్, గద్వాల. మా అబ్బాయిని ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో చేర్చుకుని, వారం తిరగకముందే వెనక్కి పంపారు. "మిగతా పిల్లలు భయపడుతుండ్రు" అని నోటితో చెప్పారు. కాగితం ఇవ్వలేదు.

2001 ఆగస్టు, గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సు. అబ్బాయి అరుస్తున్నాడని మమ్మల్ని ముగ్గురినీ పెబ్బేరులో దింపేశారు. మా టికెట్టు వనపర్తి దాకా ఉంది.

2003 ఫిబ్రవరి, నాగర్‌కర్నూల్. వైకల్య ధ్రువపత్రాలిచ్చే శిబిరంలో అబ్బాయికి "బుద్ధిమాంద్యం" అని రాసి ఇచ్చారు. ఆటిజం అని హైదరాబాదు డాక్టరు రాసిన చీటీ చూపించాను. "ఆ గడి మా ఫారంలో లేదు" అన్నారు. సవరణ కోరుతూ అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

2004 జూన్, వనపర్తి. మేము ఇల్లు కట్టుకున్న వీధికి దగ్గరలోని బడిలో సీటు అడిగాను. ఖాళీ లేదన్నారు. అదే వారం మా పక్కింటి అబ్బాయికి అదే తరగతిలో సీటిచ్చారు. నాకు కాగితం ఇవ్వలేదు.

2007 మార్చి, అదే బడి. వార్షికోత్సవంలో నా భార్య చేత మాట్లాడించారు. తర్వాత ఆమె అనని మాటను ఆమె మాటగా గోడ మీద రాయించారు.

2009 జూన్, అదే బడి. పెబ్బేరు దర్జీగారి అమ్మాయికి సీటు ఇస్తామన్నట్టు నమ్మించి, గేటు దగ్గర ఆపి వెనక్కి పంపారు. కాగితం ఇవ్వలేదు.

2008 సెప్టెంబరులో నా భార్య గుండెజబ్బుతో చనిపోయింది. దాన్ని ఈ వరుసలో చేర్చలేదు. అందుకు బాధ్యులెవరూ లేరు.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో పనిచేసి వనపర్తిలో స్థిరపడ్డాను. వచ్చిన కాగితానికి జవాబు రాయడం, రాసినదానికి నకలు ఉంచుకోవడం నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే అలవాటు. ఇది మాత్రం మా అబ్బాయి కోసం రాస్తున్నది కాదు. అతనికి పదిహేనేళ్లు నిండాయి. ఒకటో తరగతి వయసు ఎప్పుడో దాటిపోయింది. దర్జీగారి అమ్మాయికి ఏడేళ్లు. ఆమెకు ఇంకా దాటలేదు. ఈ సంవత్సరం ఆ పిల్ల బడి లోపల ఉంటుందా, గేటు బయట ఉంటుందా అన్నదొక్కటే ఇప్పుడు తేలవలసి ఉంది. అది తేలాలంటే నా భార్య ఏమి చెప్పిందో, ఏమి చెప్పలేదో ముందు రాయాలి.

బస్సు మమ్మల్ని దింపిన రోజు పెబ్బేరులో పశువుల సంత. రోడ్డు పొడవునా ఎడ్లు, లారీల వెనక తలుపులు దబదబ పడే చప్పుడు, మైకులో ఎవరిదో అరుపు. మా అబ్బాయికి గిట్టని చప్పుళ్లన్నీ ఒకే చోట ఉన్నాయి. రెండు చేతులతో చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. నా భార్య వాళ్లన్న ఆ సంతలో దలాలి. మేము ఫలానా చోట కూర్చున్నామని ఎవరో చెబితే భుజం మీద తువ్వాలతో గబగబా వచ్చాడు.

"ఏమాయె చెల్లె, గీడ గూసున్నరు?"

"బస్సోడు దించిండన్నా. వీడు మొత్తుకుంటుండని."

"ఎవడాడు? బస్సు నంబరు జూసినవా బావా?"

రాసుకున్నానని చెప్పాను.

"రాసుకుంటడు. బావ రాసుకోనిది ఏమున్నది" అన్నాడు చెల్లెలితో. "రాసుకునుడు అయినంక జర నీడకు రాండ్రి."

రేకుల షెడ్డు కిందికి తీసుకుపోయాడు. అక్కడ అతని బేరం ఒకటి సగంలో ఆగి ఉంది. ఎడ్ల జతను అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. దలాలి తన తువ్వాలను చేతుల మీద కప్పుతాడు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని అంకె చెప్పుకుంటారు. బయటి వాళ్లకు తెలియకూడదు కనుక ఆ సమయంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కొనేవాడు ఎటో ఆకాశం వైపు చూస్తాడు, అమ్మేవాడు ఎద్దు కాళ్ల వైపు చూస్తాడు. కుదిరితే అరచేతిలో అరచేయి పెట్టి ఒత్తుతారు. ఒత్తిన తర్వాత బేరం ఖాయం. ఆ తర్వాత వెనక్కి పోయినవాడితో ఆ సంతలో ఇంకెవ్వరూ బేరమాడరు.

నేను కండక్టరు పేరు, దింపిన సమయం రాసుకుంటున్నాను. తలెత్తేసరికి అబ్బాయి లేచి నిలబడి ఉన్నాడు. చెవుల మీది చేతులు తీసేశాడు. నడిచిపోయి, ఆ తువ్వాల కింద తన చెయ్యి కూడా పెట్టాడు.

"ఏందిరో, కొత్త దలాలి వచ్చిండు" అన్నాడు కొనేవాడు.

"మా అల్లుడు. ఉండనీ" అన్నాడు మా బావమరిది. తర్వాత తువ్వాల కింద ఏం తగిలిందో గాని, "ఏంది అల్లుడా, ఎడ్లు కొంటవా? మీ నాయినను అడిగినవా?" అన్నాడు.

అమ్మేవాడు కూడా నవ్వాడు. అబ్బాయి నవ్వలేదు, అరవనూ లేదు. బేరం ముగిసేదాకా అలాగే ఉన్నాడు. ముట్టుకుంటే విదిలించుకునే పిల్లవాడు. పేరు అడిగితే గోడ వైపు తిరిగే పిల్లవాడు. అక్కడ మాత్రం అతని ముఖంలోకి చూసేవాళ్లు లేరు, అతన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు లేరు. నా భార్య ఇది గమనించింది. వచ్చేటప్పుడు అన్న దగ్గర ఆ తువ్వాల అడిగి తీసుకుంది.

"కొత్తది కొనిస్త చెల్లె, గిది చెమట వాసన కొడ్తుంది" అన్నాడు.

"గిదే గావాలె. గీ వాసన వానికి తెలుసు" అంది.

తర్వాతి కొన్ని నెలలు ఆమె అన్నం పెట్టేముందు, నీళ్లిచ్చేముందు ఆ తువ్వాల పరిచి దాని కింద చెయ్యి పెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. ఒక వేలు అంటే నీళ్లు. రెండు వేళ్లంటే అన్నం. ఇవి ఆమె నేర్పింది. పిడికిలి బిగిస్తే ఇక్కడి నుంచి వెళ్లిపోదాం అని అర్థం. అది అతను ఆమెకు నేర్పాడు. అరచేయి పెట్టి ఒత్తితే సరే, ఉంటాను. అది సంతది.

ఈ సంగతి ఎలా పాకిందో నేను నమోదు చేయలేదు. నాగర్‌కర్నూల్ శిబిరం వరుసలో ఆమె పక్కన కూర్చున్న తల్లులు ముందు వచ్చారు. వాళ్లు చెబితే ఖిల్లా ఘణపూర్ నుంచి, వీపనగండ్ల నుంచి ఇంకొందరు వచ్చారు. ఆదివారాలు మా వసారాలో చాప వేసేది. పిల్లలు లోపలి గదిలో ఉండేవారు. నేను బయట కుర్చీలో పత్రిక చదువుతూ వినేవాణ్ణి. ఆమె ఎనిమిదో తరగతితో చదువు ఆపింది. ఉపన్యాసాలు ఇవ్వడం రాదు. వచ్చినవాళ్లు ఏదో అడిగేవారు, ఆమె పప్పులో రాళ్లేరుతూ ఏదో చెప్పేది. ఆ మాటల్ని నేను అప్పుడప్పుడు రాసుకున్నాను. ఇలాంటి పిల్లల్ని పెంచే తల్లిదండ్రులకు ఆమె వదిలి వెళ్లినవి అవే గనుక కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను. భాష దిద్దలేదు.

ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చిన ఒక తల్లి, అత్త పిల్లవాడికి తాయెత్తు కట్టమంటోందని, కట్టాలా వద్దా అని అడిగింది.

"కట్టుకోనియ్యి, వద్దనకు. కట్టేటప్పుడు వాడు చెయ్యి ఎట్ల ఇస్తుండు, ఎట్ల గుంజుకుంటుండు, గది జూడు. నీకు పనికొచ్చేది గదే."

పెళ్లి పందిట్లో పిల్ల మొత్తుకుందని, బంధువులంతా చూశారని ఏడుస్తున్న ఇంకొక ఆమెతో:

"ఏడువు. ఏడ్చినంక మొకం కడుక్కోని రా, చాయ్ పెడ్త. కాని నలుగుర్ల సిగ్గుపడకు అక్కా. నువ్వు సిగ్గుపడితె దానికి ఇంకింత భయమైతది. నిన్ను జూడనట్లే ఉంటది, జూస్తనే ఉంటది."

మొగుడు పిల్లవాడిని ఎత్తుకోడని చెప్పుకున్న ఆమెతో, నేను వింటున్నానని తెలిసే అన్న మాట:

"మా ఇంటాయన గూడ ఎత్తుకోలె. అర్జీలు రాసిండు. ఆయనకు వచ్చింది గదే. మీ ఆయనకు ఏమొస్తదో అడుగు, గది చెయ్యమను. ఏం రాదంటె బియ్యం తెమ్మను."

చాప మీద అందరూ నవ్వారు. నేను పత్రిక తిప్పాను.

రేపు మనం లేకపోతే ఎలా అన్నది మాత్రం అందరూ అడిగేవారు. మొదట్లో ఆమె లేచి లోపలికి పోయేది. చాలా కాలం తర్వాత ఒక ఆదివారం జవాబు చెప్పింది.

"నేను గూడ అడుక్కున్న. జవాబు దొర్కలె. గందుకే మావోని చెయ్యి తెలిసినోళ్లను ఒక్కొక్కల్ని పెంచుతున్న. కిరాణం కొట్టాయనకు తెలుసు. పాలామెకు తెలుసు. మా అన్నకు తెలుసు. ఇప్పుడు మీకు తెలుసు. నేను ఒక్కదాన్నే తెలిసినదాన్నైతె నేను పోయిన్నాడు వాడు మూగోడైతడు. గట్ల గావొద్దు. గందుకే పిల్లల్ని బడికి తోలుండ్రి. చదువు కోసం గాదు, చెయ్యి తెలిసినోళ్లు పెరగాల్నని."

ఆమె చెప్పినవాటిలో నేను ముఖ్యమైనదిగా భావించేది ఇది. దర్జీగారి భార్య ఆ రోజు ఆ చాప మీద ఉంది.

2007లో బడివారు ఆమెను పిలిచారు. పత్రికలో ఎక్కడో ఆమె గురించి రెండు ముక్కలు వచ్చినట్టున్నాయి. మూడేళ్ల కిందట సీటు లేదన్న కరస్పాండెంటే స్వయంగా ఇంటికి వచ్చి, "అమ్మా, మీరు నాలుగు మంచి మాటలు చెప్పాలె. పేరెంట్స్‌కు స్ఫూర్తి గావాలె" అన్నారు. నేను 2004 సంగతి ఎత్తబోయాను. ఆమె, "జర ఊకోండ్రి" అంది. వేదిక ఎక్కి అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని ఆమె మాట్లాడింది ఇంతే:

"మా పిలగాడు మాట్లాడడు. మీరు గూడ జరసేపు మాట్లాడకుండ్రి. చప్పట్లు కొట్టకుండ్రి. వాని మొకం జూడకుండ్రి. ఎవరన్న ఒక్కరు వచ్చి చెయ్యి ఇయ్యిండ్రి."

ఎవరూ లేవలేదు. తర్వాత చప్పట్లు కొట్టారు. అబ్బాయి చెవులు మూసుకున్నాడు. ఆమె అతన్ని దించుకుని వచ్చేసింది.

జూన్‌లో బడి ముందు గోడ మీద నీలిరంగు అక్షరాలతో ఈ వాక్యం వెలిసింది: "ఓర్పే గొప్ప మందు, ప్రేమే గొప్ప బడి." కింద "ఒక ఆదర్శ మాతృమూర్తి" అని రాశారు. ఆ మాతృమూర్తి మీరేనటగా అని పాలామె అడిగితే ఇద్దరం వెళ్లి చూశాం.

"గిది నేనెప్పుడన్న?" అంది.

ఖండిస్తూ ఉత్తరం రాస్తానన్నాను.

"వద్దు తియ్యిండ్రి. రంగు మంచిగ వేసిండ్రు" అని కాసేపు చూసి, "ఓర్పు నాకేడుంది, గిన్నెలు ఎన్ని ఇసిరేసిన" అంది. ఇంటికి వచ్చేశాం. ఆమె వద్దంది కనుక ఉత్తరం రాయలేదు.

మరుసటి ఏడు ఆమె పోయింది. అన్ని పనులూ నేనే చేశాను. రశీదులన్నీ ఉన్నాయి. దుఃఖం సంగతి చాలామంది అడిగారు. వాళ్లకు తేదీ, వేళ చెప్పాను. అబ్బాయి మాత్రం ఆమె కూర్చునే చోట తువ్వాల పరుచుకుని దాని కింద చెయ్యి పెట్టి కూర్చునేవాడు. నేను వెళ్లి కిటికీ వైపు చూస్తూ నా చెయ్యి పెట్టేవాణ్ణి. ఏ వేలూ వచ్చేది కాదు. వేళకు అన్నం పెట్టాను, నీళ్లిచ్చాను. ఒక రోజు మధ్యాహ్నం ఒక వేలు పట్టుకున్నాడు. లేచి నీళ్లు తెచ్చాను.

ఇక దర్జీగారి అమ్మాయి. ఆ పిల్ల కూడా నోటితో మాట్లాడదు. తల్లి మా చాప మీద నేర్చుకుని ఇంట్లో తువ్వాలకు బదులు తన దుపట్టా కొంగు వాడింది. మా అబ్బాయికి వచ్చినదానికంటే ఆ పిల్లకు ఎక్కువ వేళ్లు వచ్చాయి. ఈ మే నెలలో దర్జీగారు మా ఇంటికి వచ్చారు. "పెద్దసారు, ఆ బడి గోడ మీద అమ్మ మాట ఉంది గద. గక్కడైతె మా పిల్లను అర్థం జేసుకుంటరని మా ఆమె అంటుంది. మీరు జర తోడు రాండ్రి" అన్నారు. గోడ మీది మాట అమ్మది కాదని నేను చెప్పలేదు. బడి తెరిచే ముందు వారం తోడు వెళ్లాను.

కరస్పాండెంటుగారి గదిలో జరిగింది ఇది. ఆయన పిల్లను పేరు అడిగారు. పిల్ల ఫ్యాను వైపు చూసింది. మళ్లీ అడిగారు. పిల్ల తల్లి వెనక్కి పోయింది. తల్లి బల్ల మీద కొంగు పరిచి, "సార్, గిట్ల అడిగితె చెప్తది" అంది. ఆయన మొదట విస్తుపోయి, తర్వాత నవ్వారు. వారి నాన్నగారు పెబ్బేరు సంతలో ఎడ్లు అమ్మి వీరిని చదివించారని ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

"అరె, మా నాయిన గిట్లనే జేస్తుండె. నేను చిన్నగున్నప్పుడు తువ్వాల నేనే పట్టేటోన్ని" అంటూ కొంగు కింద చెయ్యి పెట్టారు. అలవాటు పోదు, చెయ్యి పెట్టగానే ఆయన చూపు వాకిలి వైపు తిరిగింది. పిల్ల వచ్చి తన చెయ్యి పెట్టింది. కొంగు కదిలింది. ఆయన ముఖం మారింది.

"ఒత్తింది" అన్నారు. "నేను గూడ ఒత్తిన. పో బిడ్డా, బలే ఉన్నవు."

దర్జీగారు లేచి సలాం చేశారు. గదిలో ఇంకొక మాట జరగలేదు. ఫారం ఇవ్వండి అని నేను అడగబోయాను. దర్జీగారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. "సార్, ఆయన చెయ్యి ఇచ్చిండు గద. ఇంక కాగితం అడిగితె నమ్మనట్లయితది. పెబ్బేరుల అట్ల అడగరు" అన్నారు. ఆ సాయంత్రమే ఆ బడి గుడ్డ తెచ్చి తన మిషను మీద పిల్లకు యూనిఫాం కుట్టారు.

బడి తెరిచిన సోమవారం పిల్లను గేటు దగ్గర ఆపారు. "సార్ వద్దన్నరు. నాకేం తెల్వదు" అన్నాడు అటెండరు. దర్జీగారు అక్కడి నుంచే నాకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి తల్లి పిల్లను గోడ నీడన, ఆ నీలి అక్షరాల కింద నిలబెట్టి ఉంది. పిల్ల పిడికిలి బిగించి ఉంది. నేను పైన కరస్పాండెంటుగారి గదికి వెళ్లాను.

"మొన్న ఒప్పుకున్నారు" అన్నాను.

"ఎప్పుడు ఒప్పుకున్న? నేనేమన్న నోటితోని చెప్పిన్నా?"

"చెయ్యి ఇచ్చారు."

"అరె సార్, చదువుకున్నోళ్లు మీరు గూడ గిట్ల మాట్లాడితె ఎట్ల? తువ్వాల కింద చెయ్యి పెడితె సీటు ఇచ్చినట్లేనా? నేనేమన్న ఎద్దును కొన్ననా?"

గదిలో ఉన్న గుమాస్తాలు ఇద్దరు నవ్వారు. ఆయన గొంతు తగ్గించి, మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరని, ఇది అలాంటి పిల్లల బడి కాదని, తనకు మాత్రం ఎంతో సానుభూతి ఉందని చెప్పారు. ఆ మాటే రాసి ఇవ్వమన్నాను.

"గివన్నీ రాసిచ్చేటియా సార్? మీరు పెద్దోళ్లు, అర్థం జేసుకోండ్రి."

కిందికి వచ్చి దర్జీగారికి చెప్పాను. "మా నాయిన ఉంటె గా సారు మొకం మల్ల జూడకపోతుండె" అన్నారు ఆయన. ముగ్గురూ పెబ్బేరు బస్సెక్కారు.

తప్పు నాకు ఎక్కడ కనిపిస్తుందో స్పష్టంగా రాస్తాను. దర్జీగారు చేసింది అమాయకత్వం కాదు. ఆయన పెరిగిన చోట మాట లేకుండా ఇచ్చిన చెయ్యికి విలువ ఉంది. కరస్పాండెంటుగారు పెరిగిందీ అక్కడే. ఒత్తడమంటే ఏమిటో తెలియక ఒత్తలేదు. ఇరవై ఏళ్లు అర్జీలు చదివిన నాకు, నోటితో చెప్పిన కారణం మరుసటి రోజుకు మారిపోతుందని తెలుసు. గద్వాలలో మారింది, వనపర్తిలో మారింది. చెయ్యిని ఒప్పుకోనివారు, నోటిమాట మీద నిలబడనివారు, కాగితం మీదనైనా నిలబడాలి. అంతకుమించి నాకు కోపం కూడా మిగల్లేదు.

బడి పేరు ఇక్కడ రాయలేదు. యాజమాన్యానికి స్వయంగా అందజేసిన ప్రతిలో రాశాను. అందినట్టు సంతకం తీసుకున్నాను. అందులోని చివరి భాగం ఇది.

యాజమాన్యానికి,

ఈ కింది విషయాలపై మీ సమాధానాన్ని లిఖితపూర్వకంగా కోరుతున్నాను.

మీ గోడ మీది వాక్యం నా భార్య అన్నది కాదు. 2007 మార్చిలో మీ వేదిక మీద ఆమె అన్న మాటలను పైన యథాతథంగా రాశాను. ఆ మాటలను రాయిస్తారా, ఉన్నదాన్ని చెరిపిస్తారా, లేక రెండూ చేయరా, తెలియజేయగలరు.

పెబ్బేరు దర్జీగారి కుమార్తెకు ఒకటో తరగతిలో సీటు ఇస్తున్నారా, లేదా? ఇస్తే ఏ తేదీ నుంచి రావాలో రాయగలరు. ఇవ్వకపోతే కారణం రాయగలరు. ఖాళీ లేదన్నది కారణమైతే ఆ తరగతి హాజరుపట్టీ నకలు జతచేయగలరు. మిగతా తల్లిదండ్రుల అభ్యంతరం కారణమైతే అభ్యంతరం చెప్పినవారి లేఖలు జతచేయగలరు. పిల్ల మాట్లాడకపోవడం కారణమైతే ఆ మాటనే, అదే పదాలతో రాసి, సంతకం, ముద్ర వేయగలరు.

సానుభూతి తెలియజేయనవసరం లేదు. అటెండరు ద్వారా గాని, ఫోను ద్వారా గాని, ఎదురుపడినప్పుడు గాని చెప్పిన సమాధానాన్ని సమాధానంగా పరిగణించను. బడులు తెరిచి నెల దాటింది; ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఉంది. కనుక ఇది అందిన పదిహేను రోజుల్లోగా జవాబు ఆమె తండ్రి పేర వెలువడాలి. దాని నకలు నాకు పంపాలి.